నాలుగు లీటర్ల నలుపు

నవ్వాను, ఒప్పుకుంటాను.
లియెపాయాలో, మా అయిదంతస్తుల ఇళ్ళ వెనక
రేకు గ్యారేజీల వరసలో
నలభై ఏళ్ళు లారీల కింద వెల్లకిలా బతికినవాణ్ణి.
కారు కింద దూరకుండా ఆయిల్ మారుస్తానని
ద్జిద్రా అంటే నవ్వక ఏం చేయను?

ఆమె చేతిలో ఒక డబ్బా.
పైన సైకిలు పంపు లాంటి పిడి,
పక్కన చుట్టలు చుట్టుకున్న సన్నటి గొట్టం.
"కింద బోల్టు మర అరిగిపోయింది, మోద్రిస్.
విప్పితే మళ్ళీ బిగియదు.
ఎవడో నీలాంటి మొనగాడు
బలమంతా దాని మీద చూపించాడు."
నేను కాదన్నాను.
నేనే కావచ్చు. గుర్తులేదు.

పది నిమిషాలు ఇంజన్ నడిపి ఆపింది.
ఆగస్టు చివర, సముద్రం మీంచి గాలి.
మూత మీద అరచెయ్యి ఆనించింది
జ్వరం చూసినట్టు.
"చల్లగా ఉంటే కదలదు, మరీ కాగితే గొట్టం మెత్తబడుతుంది.
ఈపాటి చాలు."

డిప్‌స్టిక్ లాగి, గుడ్డకు తుడిచి, పక్కన పెట్టింది.
అదే సందులోంచి గొట్టం జారవిడిచింది.
తొయ్యలేదు.
రెండు వేళ్ళ మధ్య తిప్పుతూ, ఆగుతూ, మళ్ళీ తిప్పుతూ,
కళ్ళు ఎటో ఉన్నాయి,
వింటున్నవి వేళ్ళు.
"అడుగు తగిలింది," అంది.
నాకేం వినపడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది.
ఓడరేవు ఆసుపత్రిలో ముప్ఫై మూడేళ్ళ నర్సు.
మా బావమరిది తాలివాల్దిస్ రొమ్ములో నీరు చేరినప్పుడు
రాత్రంతా పక్కన కూచుని
సీసా మీద గీత గీతా చూసి రాసుకున్నది ఈమే.

పదిహేనుసార్లు పంపు కొట్టి వదిలేసింది.
ఇక ఎవరూ ఏమీ చేయక్కర్లేదు.
గొట్టంలో నల్లటి దారం కదిలింది,
దారం తాడైంది,
డబ్బా అడుగున చప్పుడు లేకుండా చీకటి పడింది.
స్టూలు మీద కూచుని ఫ్లాస్కు విప్పింది.
నాకూ ఒక కప్పు.
ఆయిల్ మారుస్తూ టీ తాగే మనిషిని
నా సర్వీసులో చూడలేదు.
నాకు తెలిసింది
మోచేతి మీదుగా చంకలోకి పాకే వేడి మడ్డి.

పావుగంటకు గొట్టం గురక పెట్టింది.
గాలి, చుక్క, గాలి.
నేను లేవబోయాను.
"ఆగు."
అర అంగుళం పైకి తీసి, కాస్త వంచి, మళ్ళీ దించింది.
ఇంకో గుక్కెడు వచ్చింది.
"చివరి గుక్క ఎప్పుడూ దాక్కుంటుంది.
అయిపోయిందని చెప్పడానికి తొందర కూడదు."

కొత్త ఫిల్టరు రబ్బరుకి వేలితో ఆయిల్ రాసింది,
పగిలిన పెదవికి వేజలీన్ రాసినట్టు.
చేత్తో బిగించి ఆగింది.
పానా ముట్టుకోలేదు.
నా వంక మాత్రం చూసింది.

డబ్బా మీద గీత చదివింది. నాలుగు లీటర్ల నూటయాభై.
"పట్టేది నాలుగు మూడొందలు కదా?"
దొరికిందని నేను పట్టుకున్నాను.
"తక్కినది అడుగున మడ్డిగా ఉండిపోయింది.
అందుకే బోల్టు విప్పాలనేది."
"ఉండొచ్చు. వెంట్‌స్పిల్స్ దారిలో కాలిపోయీ ఉండొచ్చు.
రానిదాని సంగతి నాకు తెలీదు.
వచ్చింది ఎంతో రాస్తాను."

ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి
మూత లోపల తెల్ల ప్లాస్టరు అంటించి, పెన్నుతో:
రెండు లక్షల పధ్నాలుగు వేల కిలోమీటర్లు.
బయటికి: 4150. నలుపు. ఇనప రజను లేదు.
తేనె రంగుది గరాటులోంచి పోసి, ఇంజన్ తిప్పి,
ఎర్రదీపం ఆరిందాకా నిలబడి
కింద ఇంకో ముక్క చేర్చింది:
ఊపిరి సమంగా ఉంది.

పాత నూనె అప్పజెప్పే చోటికి నేనూ వెళ్ళాను.
డబ్బా నా ఒళ్ళో, ఇంకా వెచ్చగా.
ఆ చివరి రాత్రి తాలివాల్దిస్ సీసా
ఏ గీత దాకా నిండిందో
ఈమెకు గుర్తుండే ఉంటుంది.
అడుగుదామనుకున్నాను.
ట్రాము అడ్డం వచ్చింది, ఆగాం,
ట్రాము వెళ్ళిపోయింది.